ఎడమకాలికి నారింజ

మస్తాన్ కొట్లో బెల్లం తూచే కాటా మీద
నా బూట్లు తూచాను.
నీలంది నూట డెబ్బై రెండు గ్రాములు.
తెల్లది రెండొందల పది.
నారింజది, అంత లావు అడుగు పెట్టుకుని కూడా,
నూట తొంభై నాలుగు.
"ఇంతెత్తు ఉండాది, బరువేది సామీ?" అన్నాడు మస్తాన్
కాటాని రెండుసార్లు గుడ్డతో తుడుస్తా.

పద్దెనిమిది వేలని అతనికి చెప్పలేదు.
ఇంట్లో తొమ్మిదని చెప్పాను,
మిగతా తొమ్మిదీ
తుఫాను రాత్రుల ఓవర్‌టైములో కలిపేశాను.
కరెంటాఫీసు లెక్కలు కామాక్షికి తెలియవని నా నమ్మకం.

నలభై మూడేళ్ళు నాకు.
ఇరవై ఒక్క కిలోమీటర్లు.
పోయినేడు గంటా ఇరవై అయిదు దాటి
పదకొండు సెకన్లు.
ఒక తుమ్ము, ఒక గ్లాసు మంచినీళ్ళు, అంతే గదా
అని పరిగెత్తనివాళ్ళు అంటారు.

నీలంది పాతది. అడుగు దోసె అంచంత పల్చన.
అది తొడిగితే రోడ్డుని చదువుకోవచ్చు:
ఇది కంకర, ఇది తారు కరిగి మళ్ళీ గట్టిపడిన చోటు,
ఇవి నిన్న ట్రాక్టరు రాల్చిన మొలగొలుకులు.
మర్నాడు స్తంభం ఎక్కాలంటే
పిక్కలు నాకన్నా ముందు లీవు పెడతాయి.

నారింజదాని కడుపులో కార్బన్ రేకుంది.
కాలు వేసినప్పుడు కాదు, ఎత్తినప్పుడు తెలుస్తుంది
వెనకెవరో మెల్లిగా తోసినట్టు.
ఊరికే నడిస్తే మాత్రం
కొత్తల్లుడి మాదిరి బిగుసుకుంటుంది.
మూడొందల కిలోమీటర్లకే దాని నురుగు చచ్చిపోతుందంట.
కిలోమీటరుకి అరవై రూపాయలు.
ఆటోలో పోవచ్చు.

తెల్లదాని గురించి చెప్పేదానికేం లేదు.
వేళ్ళకి చోటిస్తుంది, తడిలో జారదు,
ఎవరూ దాన్ని చూసి ఆగరు.

ఏది మేలో తేలక ఒక మంగళవారం చీకటితోనే
ఎడమకాలికి నారింజ, కుడికాలికి నీలం తొడిగి
మైపాడు రోడ్డెక్కాను.
ఒక కాలు బొటనవేలంత ఎత్తు పెరిగింది.
గుంటల్లో ఏరేటర్లు నీళ్ళు చిలుకుతున్నాయి.
రొయ్యల మేత దించే కుర్రాళ్ళు బస్తాలు భుజానుండగానే
"ఏందన్నా, కాళ్ళు రెండూ ఒకరివేనా?"
నవ్వాను గానీ, అప్పటికవి ఒకరివి కావు.
ఎడమది పోదాం పదమంటుంది,
కుడిది ఆగు, నేల ఏదో చెబుతోందంటుంది,
నడుం మధ్యవర్తి మాదిరి ఇద్దరి చేతా తిట్లు తింటుంది.
ఇందుకూరుపేట చేరేసరికి వాచీ చూడ్డం మానేశాను.

కోవూరు పెంచలయ్య నాకన్నా నాలుగేళ్ళు పెద్ద.
పన్నెండేళ్ళుగా పందెంలో నేను చూసేది అతని వీపే.
పెన్న వంతెన మీద పట్టుకుని అడిగితే
బూటు వంచి చూశాడు, వాసన చూశాడు, తిరిగిచ్చాడు.
"పదహారు కిలోమీటర్లు ఇది పరిగెత్తుద్ది అబ్బయా,
తర్వాత అయిదూ నువ్వే పరిగెత్తాల."

ఆదివారం నారింజదే తొడిగాను.
పదహారు దాకా అతను చెప్పినట్టే.
ఆ తర్వాత ఉప్పుగాలి ఎదురొచ్చింది,
రేకు తోస్తూనే ఉంది,
తోయించుకునే తొడ లేదు.
గంటా ఇరవై అయిదు దాటి నాలుగు సెకన్లు.
ఏడు సెకన్లు తగ్గాయి.
అవి బూటువో, గాలివో, ముందురోజు రాత్రి
పెందలాడే పడుకున్న నిద్రవో.
పెంచలయ్య అప్పటికే అరటిపండు తింటున్నాడు.
అతని కాళ్ళకి ఏముందో ఈసారీ చూడ్డం మర్చిపోయాను.

సాయంత్రం పిట్టగోడ మీద మూడు జతలూ బోర్లించాను.
నీలం, తెలుపు, మొన్నటి నారింజ,
అన్నీ ఒకేచోట అరిగాయి, కుడి మడమ బయటి అంచున.
రోడ్డు ఆ పక్కకి ఎంత వాలిందో
అక్కడ కొలిచి పెట్టుంది.

కామాక్షి బట్టలు తీస్తా నారింజ జత తిప్పి చూసింది.
"కుడిదొక్కటే అరిగింది.
ఎడమదాని డబ్బులు వెనక్కిస్తారేమో అడగరాదూ?
నాలుగున్నర వేలు."

తొమ్మిది వేలు, అనుకున్నాను లోపల.